తీగకు గుచ్చిన కార్డులు

పడమటి మండలాల చరిత్ర – 23వ భాగం

1955 జనవరి 26న భారత తపాలా శాఖ ఒక కొత్త వరస స్టాంపులు విడుదల చేసింది. మొదటి పంచవర్ష ప్రణాళిక గురించి జనానికి చెప్పడానికి వేసిన వరస అది. అందులో ట్రాక్టరు ఉంది, మరమగ్గం ఉంది, దామోదర్ లోయ ఆనకట్ట ఉంది, చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం ఉంది. వాటి మధ్య ముప్పావు అణా స్టాంపు మీద మాత్రం ఎద్దులతో నీళ్లు తోడే బావి ఉంది. రెండణాల స్టాంపు మీద రాట్నం వడికే ఆడమనిషి, మూడణాల దాని మీద చేనేత మగ్గం, నాలుగణాల దాని మీద ఎద్దులు.

ఆ బావి ఏ ఊరిదో అచ్చువేసినవాళ్లు చెప్పలేదు. ఏ ఊరిదైనా అది మన కపిల బావుల కుటుంబానిదే. సోమల, చౌడేపల్లె, పుంగనూరు చేలల్లో అరవై ఏళ్లు దాటినవాళ్లను అడిగితే కపిల గురించి పూట గడిచేదాకా చెప్తారు. తోలు తొండం, దానికి కట్టిన మోకు, తెల్లవారుజామున ఎద్దులు ఏటవాలులో దిగుతుంటే మోకు మీద కూర్చుని పాడే మనిషి, గిలక చప్పుడు. కరెంటు మోటార్లు వచ్చాక ఆ బావులు చాలావరకు పూడిపోయాయి, కొన్నింటికి గట్టు రాళ్లే మిగిలాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి, భారతదేశ పటం ఉన్న స్టాంపులు అమ్మకానికి పెట్టేదాకా, అంటే రెండేళ్ల పైచిలుకు కాలం, ఎద్దుల బావి దేశమంతటి ఉత్తరాల మీద తిరిగింది. మన పడమటి మండలాల రైతు బతుకుకు ఇంత దగ్గరగా వచ్చిన స్టాంపు మరొకటి నాకు తెలియదు.

అదే 1955లో, ఆగస్టు నెలలో, మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపం కూడా ఒక కొత్త వరస వేసింది. అప్పటికి అది ఇంకా ఇంగ్లీషువాళ్ల పాలనలోనే ఉంది. స్టాంపుల మీద రాణి తల ఉంది. కానీ ఆ తల పక్కన చాలా వాటి మీద ఉన్నది ద్వీపవాసుల రోజువారీ బతుకు: కరోబు కాయలు, ద్రాక్ష గుత్తులు, నారింజలు, రాగి గని, త్రోదోస్ అడవి, మెసఓరియా మైదానంలో పంట కోత. 1960లో స్వాతంత్ర్యం రాగానే కొత్త ప్రభుత్వం ఈ స్టాంపులను పారేయలేదు. వాటి మీదే గ్రీకు, టర్కీ భాషల్లో సైప్రస్ రిపబ్లిక్ అని అచ్చు వేసి వాడుకుంది. పాలకులు మారారు, పంట కోత అట్లే ఉంది. ఈ రకం స్టాంపులనూ బొమ్మ కార్డులనూ ఏరి కూర్చుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. గోజో ద్వీపం చేపల పడవను మాల్టా 1920ల్లోనే స్టాంపు మీదికి ఎక్కించింది. గ్రీసు 1972 నుంచి 1974 దాకా ఏటా ఒక వరస చొప్పున తన ప్రాంతాల, దీవుల కట్టుబట్టలను స్టాంపులుగా వేసింది. పడవలు బాగుచేసే మనిషి, వల అల్లే ముసలమ్మ, గాడిద మీద నీళ్ల కడవలు, గాలిమరల కింద ధాన్యం తూర్పారబట్టే కుటుంబం: ఇట్లాంటి బొమ్మలను ఒక ఆల్బంలో చేర్చితే అది ఆ దీవి గడిపిన ఒక శతాబ్దానికి సాక్ష్యమవుతుంది.

మధ్యధరా దీవులకూ మనకూ ఏం సంబంధమని అడిగే పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనన్న భయంతో ఇంగ్లండు ప్రధాని డిజ్రేలీ ఇండియా నుంచి సుమారు 7,000 మంది సిపాయిలను మాల్టాకు పంపించాడు. అందులో మద్రాసు సైన్యం ఉంది, మద్రాసు సాపర్లు ఉన్నారు. సాపర్లంటే రోడ్లు, వంతెనలు, రేవులు కట్టే సైనికులు. తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఆ దళాల్లో చేరేవారు. యుద్ధం రాలేదు. ఆ ఎండాకాలంలోనే సైప్రస్ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. మాల్టాలో ఉన్న సిపాయిల్లో కొందరిని అక్కడికి తరలించారు. మన వైపు సిపాయి ఒకడు ఆ ద్రాక్షతోటల మధ్య నిలబడి ఇంటికి నాలుగు మాటలు రాయాలనుకున్నా, కార్డు ముక్క లేదు. ఇండియాలో పోస్టుకార్డు అమ్మకం మరుసటి ఏడు, 1879 జులై 1న మొదలైంది.

ఆ కార్డు వెల కానీ, అంటే పావు అణా. ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యం 1869 అక్టోబరు 1న ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు వేసిన పదేళ్లకే అది మన పల్లెలకు చేరింది. బొమ్మలేవీ లేవు. ఒక వైపు రాణి తల ముద్ర, 'ఈస్టిండియా పోస్టుకార్డు' అన్న అక్షరాలు, చిరునామా. రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీలోనే మన చరిత్ర ఉంది.

బొమ్మ కార్డులు తరువాత వచ్చాయి. 1890లలో మొదలై, 1900 తర్వాత మద్రాసులో పెద్ద వ్యాపారమయ్యాయి. హిగ్గిన్‌బాథమ్స్, స్పెన్సర్స్, వీలె అండ్ క్లైన్ లాంటి దుకాణాలు వాటిని అమ్మేవి. మొదట్లో చిరునామా వైపు మరేమీ రాయకూడదన్న నిబంధన ఉండేది కనుక, రాయాల్సిన మాటలను బొమ్మ అంచు మీదే ఇరికించి రాసేవారు. 1902లో బ్రిటన్ చిరునామా వైపును నిలువునా రెండు చేసి, ఎడమ సగంలో ఉత్తరం రాసుకోనిచ్చింది. ఆ తరువాతే బొమ్మ మొత్తం కార్డును ఆక్రమించింది. బొమ్మ మీద రాత ఉన్న కార్డు చేతికి వస్తే అది చాలా పాతదై ఉండవచ్చునని గుర్తుపట్టడానికి ఇదొక దారి.

ఆ కార్డుల్లో మన మనుషులున్నారు. కల్లుగీసేవాడు, పామునాడించేవాడు, బట్టలుతికేవాడు, మంగలి, ఎద్దుబండి, నీళ్లకు పోయే ఆడవాళ్లు. తీసినవాళ్ల పనితనం గొప్పది. ఇప్పుడు కనిపించని నగలు, తలపాగా చుట్లు, కుండల ఆకారాలు వాటిల్లో భద్రంగా ఉన్నాయి. కానీ ఒక లోటు నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. బొమ్మలో ఉన్న మనిషికి పేరుండదు. కింద అతని వృత్తి పేరుంటుంది, కులం పేరుంటుంది, 'మద్రాసు రకం' అనుంటుంది. ఊరు కూడా ఉండదు. ఓడ దిగిన దొర తన చెల్లెలికి పంపడానికి కొన్న బొమ్మ అది. కొనేవాడికి ఆ పేరుతో పని లేదు. మధ్యధరా దీవుల పాత కార్డులకూ ఇదే జబ్బు ఉంది. వల అల్లే ముసలమ్మ అక్కడ కూడా వట్టి 'ముసలమ్మ'గానే మిగిలిపోయింది.

పేర్లు కావాలంటే కార్డు తిరగేయాలి. బొమ్మ లేని కార్డు దగ్గరికే రావాలి.

సోమల, కందూరు, నంజంపేట వైపు పాత మిద్దెల్లో, దూలానికి వేలాడే ఒక ఇనుప తీగ కనిపించేది. కింద వంకీ, ఆ వంకీకి ఒక చెక్కబిళ్ల. వచ్చిన ఉత్తరాన్ని చదివించుకుని, తీగ మొనకు గుచ్చి కిందికి తోసేసేవాళ్లు. పోస్టుకార్డు, కవరు, మనియార్డరు రసీదు, శిస్తు రసీదు, పెళ్లి పత్రిక: అన్నీ ఒకే తీగకు. పట్నంలో స్టాంపులు, కార్డులు అమ్మేవాళ్లు ఇట్లాంటి కార్డును ముట్టుకోరు. నడుమ చిల్లు ఉంది, తుప్పు మరక ఉంది, విలువ లేదంటారు. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఆ చిల్లు ఉండబట్టే ఆ కార్డు ఏ ఇంటిదో, ఏ ఉత్తరం తర్వాత వచ్చిందో తెలుస్తుంది. తీగ అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైనున్నది కొత్తది. జమాఖర్చు తెలిసిన గుమాస్తా ఎవరూ రాయకుండానే ఒక కుటుంబం చరిత్ర తేదీల వరసలో కూర్చబడి ఉంది.

ఒక ఇంట్లో అవ్వను అడిగాను, ఈ కార్డులు ఎవరివని.

"మా ఇంటాయన మిలిట్రీలో ఉన్నబుడు రాసినవి నాయనా. వాళ్లమ్మకు చదివేది రాదు, నాకూ రాదు. పోస్టాయన చదివి చెప్పినాక అట్ల గుచ్చేదే. మళ్లా ఎవురూ తియ్యలేదు, అట్లనే ఉండాయి."

మిలిట్రీ కార్డులను గుర్తించడం తేలికే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, ఇటలీ వంటి చోట్ల ఉన్న మన సైనికులు రాసిన ఉత్తరాల మీద ఊరి పేరుండదు, ఫీల్డు పోస్టాఫీసు నంబరు ఉంటుంది. శత్రువుకు దళం ఎక్కడుందో తెలియకూడదని ఆ జాగ్రత్త. దాంతోపాటు సెన్సారు ముద్ర. లోపల మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకే మాటలు: నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీ క్షేమం, వాన పడిందా, ఎద్దును అమ్మినారా, చెరువు నిండిందా. ఎక్కడున్నాడో చెప్పనియ్యరు, చెరువు గురించి మాత్రం అడగనిస్తారు. వాళ్లలో కొందరు మధ్యధరా సముద్రాన్ని, అందులోని దీవులను కళ్లారా చూసి వచ్చారు. కార్డులో ఆ మాట లేదు.

మిగతా కార్డులకు తేదీ చెరిగిపోయినా కాలం పట్టుకోవచ్చు. చిరునామాయే చెబుతుంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది, మదనపల్లె కడప జిల్లాలో ఉంది. కాబట్టి 'మదనపల్లె, కడప జిల్లా' అని ఉన్న కార్డు చాలావరకు 1911కు ముందుది. జిల్లా మారినా పాత అలవాటు కొద్దీ కొన్నాళ్లు అట్లే రాసినవాళ్లూ ఉంటారు, అది గుర్తుంచుకోవాలి. 'సోమల పోస్టు, పుంగనూరు తాలూకా' అని ఉంటే 1985కు ముందుది అనుకోవచ్చు. ఆ ఏడు మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చివర 517తో మొదలయ్యే ఆరంకెల పిన్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. కార్డు మీద అచ్చైన వెల కూడా సాక్ష్యమే: కానీ కార్డు 1922లో అర్ధణా అయింది, 1980లలో పదిహేను పైసలు, ఇప్పుడు యాభై పైసలు.

అంచులను కూడా చూడాలి. నాలుగు మూలలా పసుపు మరక ఉంటే శుభవార్త: పెళ్లి కుదిరిందనో, మగబిడ్డ పుట్టాడనో. చావు కబురు కార్డును ఎవరూ ఇంట్లో ఉంచరు, చదివి చింపి పారేస్తారు. అందుకే తీగ మీది చరిత్రలో చావులు తక్కువ కనిపిస్తాయి. ఒక మనిషి చేతిరాత ఏటేటా వస్తూ వస్తూ ఒక చోట ఆగిపోతే, దాని తర్వాత నాలుగైదు కార్డుల దాకా అతని పేరు ఎవరూ ఎత్తకపోతే, అక్కడేం జరిగిందో ఊహించుకోవచ్చు.

ఈ కార్డులను కొండలు దాటించినవాళ్లు కూడా ఒకసారి స్టాంపు మీదికి ఎక్కారు. 1937లో ఆరో జార్జి పేరు మీద వచ్చిన వరసలో టపా మోసే మార్గాలన్నీ ఉన్నాయి: పరుగెత్తే టపావాడు, ఎద్దుబండి, జట్కా, ఒంటె, రైలు, ఓడ, లారీ, విమానం. రెండణాల స్టాంపు టపావాడిది. భుజాన సంచి, చేతిలో గజ్జెలు కట్టిన ఈటె ఉండే ఈ మనుషులు అడవి దారుల్లో అంచెలంచెలుగా టపా మోసేవారు. అప్పటి అడవుల్లో పులి భయం ఎంతుండేదో మదనపల్లెలో 1863 నుంచి పనిచేసిన మిషనరీ జేకబ్ ఛాంబర్లిన్ పుస్తకం పేరే చెబుతుంది: 'పులుల అడవిలో' అనే అర్థం వచ్చే పేరుతో దాన్ని 1896లో అచ్చువేశాడు. 1908లో ఆయన మదనపల్లెలోనే పోయాడు.

మిషన్ మాట వచ్చింది కనుక మదనపల్లె దగ్గర ఆగాలి. బొమ్మ కార్డు, స్టాంపు, వీటి పక్కన మూడో వస్తువు ఒకటుంది. దానికి మన ప్రాంతంతో ఉన్న బంధం స్టాంపులకన్నా గట్టిది. అదే క్షయ సీలు.

1903 డిసెంబరులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఐనార్ హోల్‌బోల్ అనే పోస్టాఫీసు ఉద్యోగి క్రిస్మస్ కార్డుల గుట్టలను వేరుచేస్తూ ఒక ఆలోచన చేశాడు. ప్రతి కార్డు మీద స్టాంపు పక్కన మరో చిన్న బిళ్ల అంటించి, దాని కోసం మరో చిన్న నాణెం ఇస్తే, ఆ డబ్బుతో క్షయ సోకిన పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చునని. రాజు ఒప్పుకున్నాడు. 1904లో రాణి లూయిజ్ బొమ్మతో మొదటి సీలు వచ్చింది. ఒక్క ఏడాదే నలభై లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. దానికి తపాలా విలువ లేదు, ఉత్తరాన్ని గమ్యం చేర్చే శక్తి లేదు. జనం అయినా కొన్నారు. 1907లో అమెరికాలో ఎమిలీ బిస్సెల్ అనే ఆమె అదే పని మొదలుపెట్టింది.

ఆ డెన్మార్కు నుంచే వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మ్యోలర్. 1912లో పుట్టిన, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని యూనియన్ మిషన్ క్షయ శానిటోరియానికి ఆయనే ప్రాణం. పొడి గాలి, ఎండ, ఎత్తైన చోటు: మందులు లేని ఆ కాలంలో వాటినే చికిత్స అనుకున్నారు. రకరకాల మిషన్లు కలిసి నడిపిన ఆసుపత్రి అది. తమ దేశాల్లో చందాలు పోగుచేయడానికి బొమ్మ కార్డులు అచ్చువేయించడం అప్పటి మిషన్ల ఆనవాయితీ. అందుకే మన కొండల బొమ్మ ఎక్కడో ఒక చర్చి గుమ్మంలో చేతులు మారేది.

1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడింది. ఫ్రిమోట్ మ్యోలర్ దానికి మెడికల్ కమిషనరయ్యాడు. ఆ సంఘం 1950లో మన దేశంలో క్షయ సీళ్ల అమ్మకం మొదలుపెట్టింది. ఏటా గాంధీ జయంతి నాడు ఆ ఏటి సీలు విడుదల. రెండడ్డగీతల సిలువ గుర్తున్న ఆ చిన్న కాగితాలు బడిపిల్లల చేతికి వచ్చేవి. చాలామంది ఇళ్లలో పుస్తకాల అట్టల మీద, బీరువా తలుపుల మీద ఇప్పటికీ అతుక్కుని ఉంటాయి. ఉత్తరం మీద అంటించి, పోస్టాఫీసు ముద్ర సగం సీలు మీద, సగం కాగితం మీద పడితే సేకర్తలు దాన్ని వదిలిపెట్టరు. ఆ సీలు నిజంగా ఆ రోజున ఆ ఉత్తరం మీదే ప్రయాణం చేసిందని ముద్ర రుజువు చేస్తుంది.

ఫ్రిమోట్ మ్యోలర్ కొడుకు యొహానెస్ కూడా ఆరోగ్యవరంలోనే క్షయ మీద పరిశోధన చేశాడు. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు ప్రయోగంగా మొదలైన రెండు చోట్లలో మదనపల్లె ఒకటి. చుట్టుపక్కల పల్లెల జనం మీద ఏళ్ల తరబడి సాగిన ఆ పరిశోధన ఫలితాలను ప్రపంచమంతా చదివింది. 1982 మార్చి 24న, రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టిన నూరేళ్లకు, మన తపాలా శాఖ 35 పైసల స్టాంపు వేసింది. క్షయ సీళ్ల ఆల్బంలో ఆ స్టాంపును చేర్చేవాళ్లు దాని పక్కన ఆరోగ్యవరం ముద్ర ఉన్న ఒక కార్డును పెట్టాలని నా కోరిక. నెలల తరబడి మంచం మీద ఉన్న రోగులకు బయటి లోకంతో ఉన్న దారి ఆ కార్డే.

స్టాంపు మీదికెక్కిన మన ప్రాంతపు పెద్దలున్నారు. మదనపల్లెలో కాలేజీ పెట్టించిన అనీ బిసెంట్ 1963లో, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1987లో. వాటిని ఎవరైనా చూపిస్తారు. పశువుల సంగతే కష్టంగా ఉంటుంది. 2000లో దేశవాళీ పశుజాతుల పేరుతో నాలుగు స్టాంపులు వచ్చాయి: గిర్, కంగాయం, కాంక్రేజ్, హళ్లికార్. కుప్పం, పలమనేరు వైపు సంతల్లో హళ్లికార్ ఎద్దులు మనకు కొత్త కాదు. కానీ మన పేరు మోసిన పుంగనూరు ఆవు ఆ నాలుగింటిలో లేదు. మనిషి నడుము ఎత్తు కూడా దాటని ఆ జాతిని కాపాడుకోవడానికి పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఎన్నో ఏళ్లుగా పాటుపడుతోంది. సైప్రస్ తన కరోబు కాయకు ఇచ్చిన చోటు మనం ఆ ఆవుకు ఇవ్వాల్సింది.

ఇక ఇళ్లలో తీగలున్నవాళ్లకు ఒక విన్నపం. కార్డులను గబగబా పీకవద్దు. ముందు తీగను వేలాడుతున్నట్టే ఒక ఫోటో తీయండి. పై నుంచి ఒక్కొక్కటే తీస్తూ, పెన్సిలుతో మూలన అంకె వేయండి. పెన్ను వద్దు, సిరా కాగితాన్ని తింటుంది. రెండు వైపులా ఫోటో తీయండి, బొమ్మ ఉన్నా లేకున్నా. స్టాంపు అందంగా ఉందని దాన్ని కత్తిరించి నీళ్లలో నానబెట్టవద్దు. కార్డు నుంచి విడదీసిన స్టాంపుకు ఊరూ తేదీ ఉండవు. ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ పడుతుంది, మామూలు తెల్ల కాగితం మడతల్లో పెట్టండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో కార్డు చదివి, అందులోని పేర్లు ఎవరివో, ఏ ఊరివాళ్లో, ఏ వరసో విడిగా ఒక నోటుబుక్కులో రాయండి. ఈ ఆఖరి పనికి ఎక్కువ కాలం ఆగే వీలు లేదు. చదవగలిగే మనవళ్లున్నారు, పేర్లు గుర్తుపట్టే అవ్వలు తగ్గిపోతున్నారు.

వచ్చే భాగంలో: పాకాల–ధర్మవరం మీటరుగేజి లైను, దాని వెంట పెరిగిన సంతలు.

(సశేషం)